ఒక కాలు ఎక్కువ

యార్డు గేటు బయట, కదలని లారీల మధ్య చిక్కుకుపోయిన పిచ్చుకను అక్కడే వదిలేసి పోయిన వారం మనం ఎవరి పనుల్లో వాళ్ళం పడ్డాం. పాపం ఆమె మాత్రం ఎక్కడికీ పోలేదు. కంపెనీ కారులో, ఒళ్ళో మదర్‌బోర్డు అట్టపెట్టె పెట్టుకుని, ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చునే ఉంది.

పిచ్చుక అనేది అక్క పెట్టిన పేరు. ఒక్క చోట కుదురుగా ఉండదని చిన్నప్పుడు పెట్టింది. ముప్పై దాటి, సర్వర్లు బాగుచేసే కంపెనీలో చెయ్యి తిరిగిన మనిషి అనిపించుకున్నా ఆ పేరు పోలేదు, ఆ గుణమూ పోలేదు.

ఆ కంటైనర్ల యార్డులో ఏ లారీ లోపలికి రావాలన్నా, బయటికి పోవాలన్నా సర్వర్ గదిలో ఉన్న ఒక్క కంప్యూటరు పెట్టె 'ఊ' అనాలి. ఆమధ్య ఆ పెట్టెలో మదర్‌బోర్డు వయసు మీరి పోయింది. అదే కంపెనీలో పనిచేసే పిచ్చుక భర్త వెళ్ళి కొత్తది బిగించి వచ్చాడు. కొద్ది రోజులకే ఆ కొత్తది కూడా కాలిపోయింది. చేతికి పట్టీ కట్టుకోకుండా బోర్డు ముట్టుకుని ఉంటాడు, ఒంట్లో చేరిన స్టాటిక్ కరెంటు తగిలి దెబ్బతిని ఉంటుంది అని కంపెనీ తేల్చేసి, అతన్ని ఇంట్లో కూర్చోబెట్టింది. అతను కాదనలేదు. అవుననీ అనలేదు. పొద్దున్నే లేచి చొక్కా ఇస్త్రీ చేసుకోవడం, మళ్ళీ దాన్ని తీసుకెళ్ళి వంకెకు తగిలించడం, ఇదే పని. యార్డువాళ్ళు మూలనున్న ముసలి పెట్టె ఒకదాన్ని దులిపి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చారు. ఈ పొద్దున అదీ చేతులెత్తేసింది.

"నేను వెళ్తాను" అని కంపెనీలో పట్టుబట్టింది పిచ్చుక. బోర్డు మార్చడం ఒక వంక. మొగుడి మీద పడ్డ మచ్చను తన చేత్తో తుడిచి రావాలన్నది అసలు పంతం. పట్టీ కట్టుకోకపోవడమా? కూరగాయలు తరగడానికి కూడా చేతులు కడిగి తుడుచుకుని, మళ్ళీ కడిగే మనిషి!

"ఇక బండి కదలదు మేడమ్" అన్నాడు కారు డ్రైవరు.

"బండి కదలకపోతే నేను కదులుతాను" అని ఆమె తలుపు తీసి దిగిపోయింది.

రెండు లారీల మధ్య సందు మనిషి పట్టేంతే ఉంది. అట్టపెట్టెను ఎవరి మోచెయ్యీ తగలకుండా గుండెలకు హత్తుకుని పక్కవాటుగా నడిచింది. ఇంజన్ల వేడి, హారన్లు, అరుపులు. వాటన్నిటినీ మించి ఒకచోట కీచుకీచుమని ఒకటే గోల. చూస్తే లారీ నిండా జాలీ పెట్టెలు, వాటి నిండా పసుపు బంతుల్లాంటి కోడిపిల్లలు. మీసాలు నెరిసిన డ్రైవరు చెంబుతో వాటి మీద నీళ్ళు చిలకరిస్తున్నాడు.

"ఆ కంప్యూటరు డాక్టరువి నువ్వేనా అమ్మా?" అని అడిగాడు.

"నేనే తాతా."

"త్వరగా కానీయ్ తల్లీ. మేనేజరుకి కోపమొస్తే నోరు మూసుకుని పడతాను, ఓనరుకి కోపమొస్తే కాళ్ళు పట్టుకుంటాను. వీటికి ఏం చెప్పుకోను? పొద్దున పుట్టాయి, సాయంత్రం దాకా ఉండేలా లేవు."

పిచ్చుక అడుగు పెంచింది.

గేటు లోపల యార్డు మేనేజరు ఎదురయ్యాడు. చెవికొక ఫోను చొప్పున పట్టుకుని, ఒకరి తిట్లు రెండో వాళ్ళకు వినబడకుండా తంటాలు పడుతున్నాడు. ఆమెను చూడగానే రెండూ దించేశాడు.

"మీ ఆయన చేసిన నిర్వాకం చూశారుగా? ఇంకో బోర్డు దొరకాలంటే నెల పడుతుందంటున్నారు మీవాళ్ళు. ఇదీ కాలిందో, నేను ఈ గేటుకే ఉరేసుకోవాలి."

"కాలదు సార్."

"ఆయనా అదే అన్నాడు కదా!"

ఆమె అట్టపెట్టెను ఇంకాస్త హత్తుకుని లోపలికి నడిచింది.

సర్వర్ గదిలో బావ ఉన్నాడు. అక్క మొగుడు. ఈ యార్డు కంప్యూటర్లన్నిటికీ ఇన్‌చార్జి. పెళ్ళికి ముందు తనూ స్క్రూడ్రైవరు పట్టి బతికినవాడే, తర్వాత కుర్చీ ఎక్కాడు. పిచ్చుకకూ ఆమె భర్తకూ ఈ యార్డు పని ఇప్పించింది ఆయనే. పండో ఫలమో తెచ్చి "మరదలికి" అంటూ చేతిలో పెట్టే మనిషి, నవ్వు మొహం. ఇవాళ ఆ నవ్వు కనిపించలేదు. కాలుగాలిన పిల్లిలా గది ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతున్నాడు. కళ్ళజోడు తీసి తుడుస్తాడు, పెట్టుకుంటాడు, మళ్ళీ తీస్తాడు.

"రా పిచ్చుకా, రా. పెట్టె బయటికి లాగి ఉంచాను. నువ్వు ఆ బోర్డు ఇలా తీసి, ఈ బోర్డు అలా పెట్టెయ్. అరగంట పని."

"అరగంటలో చేస్తే మళ్ళీ వారానికి రావాలి బావా" అని ఆమె సంచి దించింది.

గది చల్లగా ఉంది. బయట క్రేను కంటైనర్ దించినప్పుడల్లా నేల అదురుతోంది, అద్దాల తలుపు చిన్నగా గలగలలాడుతోంది. పిచ్చుక ముందుగా పెట్టె వెనక ఉన్న రెండు కరెంటు తీగలూ పీకేసింది. పీకాక పవర్ బటన్ నొక్కి పట్టుకుంది.

"తీగలే పీకేశావు, ఇంకా బటన్ ఎందుకు?" అన్నాడు బావ.

"లోపల కాస్తో కూస్తో మిగిలి ఉంటుందిగా. అది కూడా పోవాలి."

తర్వాత మణికట్టుకు పట్టీ కట్టుకుని, దాని తీగ చివరి క్లిప్పును పెట్టె ఇనుముకు తగిలించింది. ఒంట్లో ఏ కాస్త కరెంటున్నా బోర్డులోకి పోకుండా ఆ దారిన నేలలోకి పోతుంది. ఈ చిన్న పట్టీ కట్టుకోలేదనే కదా తన మొగుణ్ణి ఇంట్లో కూర్చోబెట్టింది! క్లిప్పును ఇంకోసారి లాగి చూసుకుంది.

మూత తీసింది. మాడిన వాసన గుప్పుమంది. లోపలి తీగలన్నిటినీ ఫోనుతో ఫోటోలు తీసుకుంది. ఒక్కో తీగకూ చిన్న చీటీ అంటించి, ఏది ఎక్కడిదో గుర్తు పెట్టి విప్పింది. ఫ్యాన్ల వరస ఎత్తి పక్కన పెట్టింది. మెమొరీ పట్టీలను ఉన్న వరసలోనే తీసి నురుగు షీటులో గుచ్చింది. ప్రాసెసర్ మీద కూర్చుని వేడి లాగే అల్యూమినియం దిమ్మ స్క్రూలను ఒకటి విప్పి ఎదురు మూలది, తర్వాత మిగతావి, ఇలా కొద్దికొద్దిగా వదులు చేసింది. ఒకేపక్క విప్పితే దిమ్మ ఒరిగి ప్రాసెసర్‌ను నొక్కేస్తుంది. ప్రాసెసర్‌ను అంచులు పట్టుకుని పైకి లేపి డబ్బీలో పెట్టేదాకా ఊపిరి బిగబట్టే ఉంది.

ఈలోగా మేనేజరు రెండుసార్లు తలుపు తీసి తొంగిచూశాడు. మొదటిసారి "అయిందా?" అన్నాడు. రెండోసారి అదీ అనలేదు, మొహం చూపించి పోయాడు.

చివరికి బోర్డు స్క్రూలు విప్పి, దాన్ని కాస్త ముందుకు జరిపి, వెనక రంధ్రాల్లోంచి దాని తీగలు గుచ్చే మూతులు ఊడివచ్చాక రెండు చేతులతో సమంగా ఎత్తింది. ఎత్తుతుంటే దాని మూల ఒకచోట పట్టుకున్నట్టయి టిక్కుమని వదిలింది.

పిచ్చుక చెయ్యి ఆగింది. స్క్రూలన్నీ విప్పాక బోర్డు గాలిలో తేలినట్టు రావాలి. ఎక్కడా పట్టుకోకూడదు.

"ఇదిగో కొత్తది" అని బావ అట్టపెట్టె తెరవబోయాడు.

"ఆగండి బావా. దాన్ని సంచిలోనే ఉండనివ్వండి."

"మళ్ళీ ఏంటి?"

"ఇది ఎందుకు పోయిందో చూడాలి."

"పోయినదాన్ని చూసి ఏం చేస్తావు? చచ్చిన గేదెకు పాలెన్నని ఎవరైనా అడుగుతారా? బయట వాళ్ళు గేటు విరగ్గొట్టేలా ఉన్నారు. ముందు పెట్టి స్విచ్ వెయ్, తర్వాత తీరిగ్గా చూసుకుందువు గానీ."

"ఎందుకు పోయిందో తెలియకుండా పెడితే ఇదీ పోతుంది."

"ఎందుకు పోయిందో మీ కంపెనీవాళ్ళు చెప్పారుగా! ఆ చర్చ ఇప్పుడెందుకు?" ఆయన గొంతు పెరిగింది. "ఇటివ్వు, ప్యాక్ చేసి కంపెనీకి పంపించేస్తాను" అంటూ కాలిన బోర్డు మీద చెయ్యి వేశాడు.

పిచ్చుక వదల్లేదు. ఇద్దరూ చెరో అంచు పట్టుకుని క్షణంపాటు నిలబడిపోయారు. ఒకే బొమ్మ కోసం కొట్టుకుంటున్న చిన్నపిల్లల్లా ఉన్నారు. ఆమెకు ఆశ్చర్యమేసింది. బావ తన చేతిలోంచి ఇంతవరకు ఏదీ లాక్కోలేదు.

"బావా, వదలండి."

వదిలాడు. ఆమె బోర్డును బోర్లా తిప్పి కిటికీ వెలుగుకు పట్టింది.

మూలకు దగ్గరగా నల్లటి మరక. మరక మధ్యలో పెన్సిలు చివరంత గుండ్రటి అచ్చు, ముద్ర వేసినట్టు. అచ్చు చుట్టూ ఆకుపచ్చ పూత అరిగి, లోపలి రాగి బయటపడి, కరిగి ఉంది.

పిచ్చుక వంగి పెట్టె అడుగున చూసింది. ఆ పెట్టె రకరకాల బోర్డులు పట్టేలా చేసినది. బోర్డు ఇనుప రేకుకు తగలకుండా ఎత్తి పట్టుకోవడానికి కింద చిన్న చిన్న ఇత్తడి కాళ్ళుంటాయి. బోర్డులో ఎక్కడ రంధ్రముంటే అక్కడ కాలుండాలి. రంధ్రం లేనిచోట ఉండకూడదు. వయసు మీరి పోయిన మొదటి బోర్డుకు ఆ మూల రంధ్రముంది, కాలూ ఉంది. తర్వాత వచ్చిన బోర్డు కాస్త మార్చి చేసిన రకం. దానికి ఆ మూల రంధ్రం లేదు. కాలు మాత్రం అలాగే మిగిలిపోయింది. క్రేను నేలను అదిరించినప్పుడల్లా ఆ ఇత్తడి బోర్డు వీపును గీకుతూ, పూతను అరగదీస్తూ వచ్చి, చివరికి రాగికి తగిలి, మొత్తం కాల్చేసింది.

స్టాటిక్ కాదు, పట్టీ కాదు. బిగించిన మనిషి కాలు తియ్యడం మర్చిపోయాడు. అంతే.

అంతే అనుకున్నాక గానీ ఆ మనిషి ఎవరో ఆమెకు గుర్తు రాలేదు. గుర్తొచ్చాక అక్కడే స్టూలు మీద కూర్చుంది. మొగుడి మీద మచ్చ తుడవడానికి వచ్చి, దాన్ని కడిగినా పోని మరక చేసి పెట్టింది! పట్టీ సంగతి కంపెనీ అనుమానం. ఇది రుజువు.

"చూశావా?" బావ గొంతు ఇప్పుడు బాగా తగ్గింది. తలుపు వైపు ఒకసారి చూసి, ఆమె పక్కకు వచ్చి వంగాడు. "అందుకే వద్దన్నాను. తవ్వుకుంటే పాము రాక ఏమొస్తుంది?"

ఆమె చూపు ఆ ఇత్తడి కాలు మీదే ఉంది.

"ఇప్పుడు కూడా మించిపోయింది లేదు. ఆ కాలు విప్పి జేబులో వేసుకో. బోర్డే లోపంతో వచ్చిందని నేను రాసి ఇస్తాను. ఇన్‌చార్జిని నేను, నా మాట మీ కంపెనీ కాదనదు. మీ ఆయన ఎల్లుండికల్లా పనిలో ఉంటాడు. ఏమంటావు?"

"అచ్చు కనబడుతోందిగా బావా."

"ఎవరికి కనబడుతుంది? నీకు కనబడింది కాబట్టి నాకు కనబడింది. ఒక స్క్రూ మిగిలితే మాత్రం ఎవరికి అనుమానం వస్తుంది? ఇలాంటి పనుల్లో ఎప్పుడూ ఒకటో అరో మిగులుతూనే ఉంటాయి. మనవాణ్ణి మనం కాపాడుకోకపోతే ఎవరు కాపాడతారు పిచ్చుకా?"

ఆమె పట్టకారు తీసింది. ఆ ఇత్తడి కాలును పట్టి తిప్పింది. నాలుగు చుట్లు తిరిగి ఊడి అరచేతిలో పడింది. ఇంత చిన్నది, బియ్యపు గింజకు పెద్దక్క. దీన్ని జేబులో వేసుకుంటే రేపటి నుంచి ఇస్త్రీ చొక్కా వంకె మీద వేలాడదు. భోంచేస్తూ పళ్ళెంలోకి చూస్తూ కూర్చునే ఆ మనిషి మళ్ళీ తలెత్తుతాడు. ఎవరికి నష్టం?

ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు తెలుసు. అదే బాధ. ఇదే కొత్తరకం బోర్డులు ఇలాంటి పెట్టెల్లోనే ఇంకా చాలా చోట్లకు వెళ్ళాయి. రెండింటిని తనే స్వయంగా ప్యాక్ చేసి పంపింది. ఒకటి ఆసుపత్రికి. అక్కడ బిగించినవాళ్ళు ఆ మూల కాలు తీశారో లేదో! 'బోర్డు లోపం' అని రాసి ఇస్తే అక్కడ మూత తీసి చూసేవాళ్ళుండరు.

తలుపు తెరుచుకుంది. మేనేజరు. ఈసారి లోపలికే వచ్చాడు, చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయి ఉంది. "మేడమ్, నిజం చెప్పండి. అవుతుందా, అవదా?"

బావ ఆమె వైపే చూస్తున్నాడు.

పిచ్చుక లేచి అరచెయ్యి చాపింది. "అవుతుంది సార్. బోర్డు ఎందుకు పోయిందో తెలిసింది. ఈ కాలు ఇక్కడ ఉండకూడదు. బిగించేటప్పుడు తియ్యడం మర్చిపోయారు. ఇది బోర్డు తప్పు కాదు, స్టాటిక్ కాదు. బిగించినవాళ్ళ తప్పు."

మేనేజరు ఆ ఇత్తడి ముక్కను, ఆమెను మార్చి మార్చి చూశాడు. "బిగించింది మీ ఆయనేగా?"

"ఆయనే" అంది. "ఈ అచ్చు ఫోటోలు తీసి కంపెనీకి పంపుతున్నాను. మిగతా చోట్ల కూడా చూసుకోవాలి."

"సరే, కానీయండి" అని అతను ఫోను చెవికి పెట్టుకుని వెళ్ళిపోయాడు. బావ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ గోడకు చేరబడ్డాడు. తేలు కుట్టిన దొంగలా ఆ తర్వాత ఒక్క మాట మాట్లాడలేదు. మొగుడి తప్పు బయటపెట్టినందుకు బావకు తన మీద కోపమొచ్చిందని అనుకుంది పిచ్చుక.

కొత్త బోర్డును వెండి సంచిలోంచి తీసింది. పెట్టెలో దించేముందు దాని రంధ్రాలను, కింద కాళ్ళను ఒక్కొక్కటిగా జత చూసుకుంది. ఏటవాలుగా దించి, మూతులు వెనక రంధ్రాల్లో కుదిరాక చదును చేసింది. స్క్రూలన్నీ ముందు వదులుగా పెట్టి, తర్వాత బిగించింది. ప్రాసెసర్ మూల గుర్తును సాకెట్ గుర్తుకు సరిచూసి, నొక్కకుండా దాని బరువుకు దాన్నే కూర్చోనిచ్చింది. దిమ్మ కింది పాత పేస్టు తుడిచేసి కొత్తది కందిగింజంత పెట్టి, దిమ్మను మూలకు మూల బిగించింది. మెమొరీ పట్టీలు, ఫ్యాన్లు, చీటీల ప్రకారం తీగలు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మనసు మాత్రం ఇంట్లో, వంకెకు వేలాడుతున్న చొక్కా దగ్గర ఉంది.

కరెంటు తీగలు పెట్టి బటన్ నొక్కింది. ఫ్యాన్లు ఒక్కసారి హోరుమని లేచి, తగ్గాయి. తెర మీద అక్షరాలు పరిగెత్తాయి. పరిగెత్తి పరిగెత్తి, ఒకచోట ఆగిపోయాయి.

ఈ డిస్కులు ఈ బోర్డువి కావు, చేర్చుకోవాలా, చెరిపెయ్యాలా అని అడుగుతోంది తెర.

యార్డు లెక్కంతా ఆ డిస్కుల్లోనే ఉంది. ఏ కంటైనర్ ఎవరిది, ఎక్కడుంది, ఎక్కడికి పోవాలి. కొత్త బోర్డుకు అవి పరాయివి. ఒక్క మీట తప్పు నొక్కితే అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. పిచ్చుక చేతులు రెండూ వెనక్కి తీసుకుని, తెర మీది మాటలను మొదటి నుంచి మళ్ళీ చదివింది. తర్వాత చేర్చుకోమన్న చోటికి గుర్తును జరిపి, వేలితో కాకుండా ఒళ్ళంతా పెట్టి నొక్కినట్టు మీట నొక్కింది.

తెర నల్లబడింది. బయట ఎవరో గేటు రేకును దబదబా బాదుతున్నారు. ఫ్యాన్లు మళ్ళీ హోరెత్తాయి. డిస్కుల లైట్లు ఒకదాని వెంట ఒకటి పచ్చగా మినుకుమన్నాయి. యార్డు పేజీ వచ్చింది.

ఆమె కొత్త బోర్డుకు పెట్టె పాత నంబరు ఎక్కించి, గడియారం సరిచేసి, సాఫ్ట్‌వేర్ లైసెన్సు పట్టిందని చూసుకుని, "పంపించుకోండి సార్!" అని తలుపు తీసి అరిచింది.

మేనేజరు రెండు ఫోన్లూ గాల్లోకెత్తి గేటు వైపు పరుగు తీశాడు. వరసలో వెనకెక్కడో ఉన్న కోడిపిల్లల లారీకి మిగతా డ్రైవర్లే పక్కకు జరిగి దారిచ్చారు. మీసాల తాత కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, కీచుకీచులతో సహా గేటు దాటిపోయాడు. ఆమె వరండాలో నిలబడి అది కనుమరుగయ్యేదాకా చూసింది. పని అయింది.

ఆ కాలు సంగతి భర్తకు కంపెనీ ఫోను చేసి చెప్పకముందే తను చెప్పాలి. వరండా చివరికి నడిచి అతనికి ఫోను కలిపింది.

"పెట్టె లేచింది" అంది.

"మంచిది" అన్నాడు. నోట్లోంచి మాట ఊడిపడితే దెబ్బ తగులుతుందేమో అన్నట్టు ఉంటుంది అతని తీరు.

"నీకో సంగతి చెప్పాలి. కోపం తెచ్చుకోకు. బోర్డు ఎందుకు పోయిందో దొరికింది. స్టాటిక్ కాదు. కింద ఒక కాలు ఎక్కువుంది. నువ్వు తియ్యలేదు. నేను... నేను మేనేజరుకి చెప్పేశాను. కంపెనీకి కూడా పంపాను."

అతను మెల్లగా అడిగాడు. "ఏ కాలు?"

"వెనక మూలది."

"అక్కడ కాలు ఉండాలిగా. అక్కడ రంధ్రం ఉంటుంది."

"పాతదానికి ఉంటుంది. నువ్వు పెట్టినదానికి లేదు. అది కొత్తరకం కదా."

"కొత్తరకమా?" అన్నాడు. ఆ అడగడంలో నటన లేదు. నిజంగానే తెలియని మనిషి గొంతు.

పిచ్చుక ఫోను ఇంకో చెవికి మార్చుకుంది. "అదేంటి, నీకు తెలియదా? స్క్రూలు బిగించేటప్పుడు ఒకటి మిగిలి ఉండాలే! రంధ్రం ఒకటి తక్కువ కదా. నువ్వు స్క్రూ మిగిలితే ఊరుకునే మనిషివా? మంచం బిగిస్తే ఒక మేకు మిగిలిందని ఇల్లంతా..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. 'ఒక స్క్రూ మిగిలితే మాత్రం ఎవరికి అనుమానం వస్తుంది?' అన్నాడు బావ. అప్పుడు తన ధ్యాస తన బాధలో ఉంది. స్క్రూ మిగిలిందని తను ఆయనకు చెప్పలేదే! ఆ మాట ఆ గదిలో ఎవరూ అనలేదే! మిగలడం ఎవరికి తెలుస్తుంది? బిగించిన చేతికి తెలుస్తుంది.

"ఆ బోర్డు నువ్వు బిగించలేదు" అంది. అడిగినట్టు లేదు, తెర మీద చదివినట్టుంది.

"బావ బిగించాడు. నువ్వు బిగించినట్టు సంతకం పెట్టావు. ఆయన తప్పు నీ నెత్తిన వేసుకుని ఇన్నాళ్ళూ కుక్కిన పేనులా పడి ఉన్నావు. నేను ఇప్పుడే మేనేజరు ముందు నిలబడి నా నోటితో, 'మా ఆయనదే తప్పు' అని చెప్పి వచ్చాను. ఎందుకు చేశావు ఇలా? ఆయన బతిమాలాడా? బెదిరించాడా?"

"ఆయన ఏమీ అనలేదు. పాపం, నాకు సాయం చేశాడు. అర్జెంటుగా బయటికి పోవాలి అన్నాను. నేను చూసుకుంటాలే, వెళ్ళు అన్నాడు. బోర్డు పోయాక ఆయనెవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. చెబితే ఆ రోజు నేనెక్కడికి పోయానో కూడా చెప్పాల్సి వస్తుంది."

"ఎక్కడికి పోయావు?"

"ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం."

"ఇప్పుడే చెప్పు. నేను ఇక్కడి నుంచి కదలను."

అతను ఊపిరి తీసుకోవడం వినబడింది. "మీ అక్క ఫోను చేసింది. తనను తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాం. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది. నీకు కూడా చెప్పొద్దంది. అన్నిటికంటే ముందు, మీ బావకి తెలియకూడదంది."

"అక్కకా? అక్కకు ఏమైంది? ఏ ఆసుపత్రి?"

వెనక అడుగుల చప్పుడు. పిచ్చుక తిరిగి చూసింది.

బావ నిలబడి ఉన్నాడు. కళ్ళజోడు చేతిలో ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎంతసేపటి నుంచి ఉన్నాడో, ఎంత విన్నాడో తెలియదు.

"బోర్డు నేనే బిగించాను పిచ్చుకా" అన్నాడు. "పిరికివాణ్ణి. ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నాను. మేనేజరుకి ఇప్పుడే వెళ్ళి చెబుతాను, ఏమైతే అదవుతుంది. కానీ ఒక్క మాట."

ఆమె చేతిలోని ఫోను వైపు చూపించాడు. అందులో భర్త గొంతు "హలో, హలో" అంటూనే ఉంది.

"ఆ రోజు మీ ఆయన ఎక్కడికి వెళ్ళాడో నాక్కూడా చెప్పలేదు. ఆ రోజు నుంచీ మీ అక్క నా మొహం చూసి మాట్లాడటం లేదు. నేను రెండూ వేరు వేరు అనుకున్నాను ఇన్నాళ్ళూ." ఆయన ఒక అడుగు దగ్గరకు వేశాడు. "ఇప్పుడు నువ్వు ఫోనులో 'అక్కకు ఏమైంది' అన్నావు. చెప్పమ్మా, దానికి ఏమైంది?"